లూర్దమ్మ దిద్దిన సున్న గీత

లూర్దమ్మ సముద్రం చూడలేదు. నాచారంలో ఆమె ముందుగదిలో, కుట్టుమిషన్ పక్కన, నాలుగడుగుల గాజుతొట్టిలో ఉన్నదే ఆమె ఎరిగిన సముద్రం. నెల్లూరు దగ్గర రొయ్యపిల్లల హేచరీలో పనిచేసే అక్క మొగుడు శాంతయ్య ఆ ఉప్పునీళ్లు డ్రమ్ముల్లో తెచ్చి, నారింజ ఒంటి మీద తెల్లపట్టీలున్న రెండు చేపల్ని అందులో వదిలిపోయాడు. జాకెట్ల కోసం వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి ఉన్నా సరే, వాటి ముందు కూర్చుంటే ఆమెకు మాట పెగలదు. లూర్దమ్మ నోరెలాంటిదో తెలిసిన వాడకట్టుకు అదే పెద్ద వింత.

ఆ జంట రెండుసార్లు గుడ్లు పెట్టి, రెండుసార్లూ తానే తినేసింది. నీళ్లలో ఉప్పు అటూ ఇటూ అయి ఉంటుందని శాంతయ్య ఈసారి వస్తూ రిఫ్రాక్టోమీటర్ తెచ్చాడు. జానెడు గొట్టం, ఒక కొసన ఏటవాలు గాజు. గాజు మీద నీటిచుక్క వేసి వెలుతురులో చూస్తే పైన నీలం, కింద తెలుపు. రెండూ కలిసే గీత ఏ అంకె మీద ఉంటే ఉప్పు అంత. సముద్రానికి ముప్పై అయిదు. అయితే ముందుగా శుద్ధమైన నీటిచుక్క వేసి, మర తిప్పి, గీతను సున్న మీద నిలపాలని పదేపదే చెప్పి వెళ్లాడు.

అతను వెళ్లిన వారంలోనే ఆడచేప రాతి మీద మళ్లీ గుడ్లు పెట్టింది. మగచేప కాపలా కాస్తూ వాటికి రెక్కలతో విసరసాగింది. ఈసారి ఒక్క గుడ్డు కూడా పోనివ్వకూడదని లూర్దమ్మ గొట్టం బయటికి తీసింది. ఇంట్లో శుద్ధమైన నీళ్లంటే బోరువా, నల్లావా? మరియమ్మ పటం కింద సీసాలో ఫాదర్ దీవించి ఇచ్చిన నీళ్లుండగా! సిలువ గుర్తు వేసుకుని చుక్క వేసింది. గీత కాస్త పైన కనిపిస్తే బస్సు కుదుపులకు జరిగిందనుకుని సున్నకు దిద్దింది. తీరా తొట్టినీళ్లు చూస్తే ఇరవై తొమ్మిది. శాంతయ్య ఇచ్చిన ఉప్పు కరిగించి, ముప్పై అయిదు వచ్చేదాకా పోసింది.

మర్నాటికల్లా మగచేప గుడ్లను వదిలేసి మూలకు చేరి, మొప్పలు ఎగరేస్తూ రొప్పసాగింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మొగుడు దేవసహాయం ఉప్పెక్కువైందేమో అన్నాడు. దీవించిన నీళ్లతో దిద్దిన గీత తప్పెట్లా అవుతుందని, లేత్ మిషన్ తెలివి తన తొట్టి దగ్గర చూపించొద్దని ఆమె కసిరింది. కానీ ఆ పూట అన్నం సహించలేదు. దిక్కులేని గుడ్లను చూసి ఏడ్చింది.

ఆదివారం పూజ మొదట్లో ఫాదర్ నీళ్లు దీవించాడు. పళ్లెంలోని ఉప్పును కూడా దీవించి, పిడికెడు తీసి నీళ్లలో వేశాడు. ఆయన చెయ్యి పెద్దది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే అయినా, లూర్దమ్మ కళ్లు ఆ గిన్నె మీదే నిలిచిపోయాయి. ప్రార్థనకు జవాబు చెప్పడం కూడా మరిచిపోయింది.

ఇంటికి వస్తూనే దేవసహాయాన్ని ఉప్పల్‌కు తరిమి, మెకానిక్ దగ్గర బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ నీళ్లు క్యాన్లతో తెప్పించింది. వాటితో గీత దిద్ది తొట్టినీళ్లు చూస్తే నలభై ఒకటి. సీసాలోని నీళ్లు చూస్తే ఆరు.

"అయితే దీవించిన నీళ్లే మోసం జేసినయా?" అన్నాడు దేవసహాయం.

"నీళ్లేం జేసినయి? శుద్ధమంటే దాంట్ల ఏం లేదనుకున్న. అంత ఉన్నదాన్ని వట్కొని సున్న అన్న."

తొట్టిలోంచి చెంబు తీసి, చెంబు డిస్టిల్డ్ నీళ్లు పోస్తూ, తొందరపడితే చేప తట్టుకోదని నిదానంగా, మంగళవారానికి ముప్పై అయిదుకు దించింది. బుధవారం పొద్దున మగచేప రాతి దగ్గరికి తిరిగొచ్చి విసురుతోంది.

లూర్దమ్మ గాజుకు మొహం ఆనించింది. గింజంత ఒక్కో గుడ్డులో రెండేసి వెండి చుక్కలు. కళ్లు! రాతి నిండా కళ్లే. కళ్లు తప్ప ఇంకా ఏమీ కాని ఆ ప్రాణాలను తాను చేతులారా చంపబోయింది. అవి ఆమెనే చూస్తున్నాయి.

ఆమె అక్కడే మోకరించింది. దేవసహాయం చాయ్ చల్లారిపోతోందని పిలిచాడు. వస్తున్నానంది గానీ లేవలేదు.