నేల మీద మిగిలిన కన్ను

…తొందరపడకు మనవరాలా, నెమ్మదిగా రాసుకో. నేను ఒక కెమెరాను. నాకు బొమ్మలు పట్టడమే వచ్చు, అక్షరాలు రావు. నువ్వు కొత్తగా వచ్చిన కెమెరావి, మాటలు దాచుకునే తెలివి నీలో పెట్టారు. అందుకే నీకు చెబుతున్నాను.

నేనూ తమ్ముడూ ఒకే బల్ల మీద పుట్టాం. నేను వారం ముందు. శని గ్రహం చుట్టూ తిరిగే మంచు చందమామను చూడటానికి మాలో ఒకడు వెళ్లాలి, రెండోవాడు జతగా నేల మీద ఉండాలి. పెద్దవాణ్ణి కాబట్టి నేనే వెళ్తాననుకున్నారు. నన్ను బిగించిన మస్తానమ్మ నవ్వేది: "శని మన గడప తొక్కితేనే వణికి చస్తాం. ఈడేమో ఎదురెళ్లి మరీ చూసొస్తాడంట."

ఆయుధ పూజ రోజు అభిమానం ఆపుకోలేక ఆమె నా మూత మీద కుంకుమ బొట్టు పెట్టింది. దుమ్ము కణం కూడా రానివ్వని గది అది. ఇంజనీరు పెంచలయ్య తల పట్టుకున్నాడు.

"ఏం పని చేశావక్కా? పొడి కీలులోకి దిగిపోయుంటది."

"పెద్దోడని ముందు ఈడికి పెట్టినా సార్. చిన్నోడికి పెట్టబోతుంటే మీరొచ్చారు."

మర్యాద నాకు దక్కింది, ప్రయాణం తమ్ముడికి దక్కింది.

ఏడేళ్లు. వాడు దాటిన ప్రతి మజిలీకీ గదిలో లడ్డూలు పంచారు. బడిపిల్లలు వస్తే నన్ను చూపించి, "అచ్చం ఇలాంటిదే వెళ్లింది" అనేవారు. ఉన్నది ఒక్క కన్ను, అందులోనే నిప్పులు పోసుకున్నాను.

తీరా అక్కడికి చేరాక వాడి మూత తెరుచుకోలేదు. చలికి బిగుసుకుపోయింది. మూడు రోజుల్లో ఆ చందమామను దాటిపోతాడు, మళ్లీ వెనక్కి రాడు. అబద్ధమెందుకు, నాకు హాయిగా అనిపించింది.

మూత మోటారుకు మెట్టు మెట్టుగా కరెంటు పెంచి నెట్టాలి. ఎంతకు తెరుచుకుంటుందో, ఎంతకు మాడిపోతుందో ముందు నా మీద చూస్తారు. జతవాడి పని అదే. నన్ను చలిపెట్టెలో పెట్టారు.

"ఈడి మోటారు పోతే?" అంది మస్తానమ్మ.

"పోతే పోనీలే అక్కా. ఈడు యాడికి పోవాల?"

"అట్టనబాకండి సార్. వింటాడు."

విన్నాను. మొదటి మెట్టులోనే మాడిపోదామనుకున్నాను. అప్పుడు భయపడి తమ్ముణ్ణి ముట్టుకోరు. కానీ ఆ పెట్టెలో, మూసిన మూత వెనక కూర్చుంటే తెలిసింది. ఏడేళ్లు ప్రయాణం చేసి వాడు చూస్తున్నదీ ఈ నలుపే. పగవాడికైనా వద్దనిపించింది.

ఐదో మెట్టుకు తెరుచుకున్నాను. ఆరో మెట్టుకు నా మోటారు మాడింది. "ఐదు దగ్గర ఆగాల," అని పెంచలయ్య రాసుకున్నాడు.

వాళ్ల ఆజ్ఞ వెళ్లడానికి గంటంపావు, బదులు రావడానికి ఇంకో గంటంపావు. అప్పుడొచ్చింది బొమ్మ. తెల్లటి మంచు నేల, నీలం బీటలు, వాటిలోంచి నల్లటి ఆకాశంలోకి చిమ్ముతున్న నీళ్లు. వెనకే రెండో బొమ్మా వచ్చింది. అందరూ తమ్ముడి పేరే తలిచారు. మస్తానమ్మ మాత్రం నన్ను ఎత్తి, తెర వైపు తిప్పి పెట్టింది.

వాడు ఇంకా దూరం పోతున్నాడు. నాకు ఇంకా కుళ్లుగానే ఉంది. పైకి కబుర్లు పంపే యాంటెన్నాతో నీకు మాటలున్నాయి కదా, ఇదంతా వాడికి చదివి వినిపించు తల్లీ. మెచ్చుకున్నానని మాత్రం చెప్పకు. రెండో బొమ్మలో ఆ నీళ్లు కాస్త చెదిరాయని, నేనైతే నిలకడగా పట్టేవాణ్ణని అన్నానని చెప్పు.