తొమ్మిదిమాఱులు చచ్చిన టోబిన్ క్రేలు

నిదాఘమధ్యాహ్నచండభానుకిరణసంతప్తమై నిర్జలమై నిస్తృణమై పడమటి యమెరికాలోని యొక యెడారి కమ్మరికొలిమివలెఁ గ్రాగుచుండెను. ఆ యిసుకనడుమ హాలీవుడ్డు చలనచిత్రకారులు కట్టించిన పురమొకటి గలదు. ముందునుండి చూచిన మద్యశాలయు న్యాయస్థానమును గుఱ్ఱపుసాలయుఁ గన్నులపండువుగా నుండును. వెనుకకుఁ బోయి చూచినచో వానిని నిలిపియుంచిన కొయ్యలు దప్ప మఱేమియుఁ గానరాదు.

ఆ కృత్రిమవీథిలో గొడుగునీడఁ గుర్చీపైఁ గూర్చుండి డెబ్బదియాఱేండ్ల ఎలియాసు హార్గ్రోవు పటపటఁ బండ్లు కొఱుకుచుండెను. నలువదియేండ్లకుఁ బూర్వము సిల్వర్ ఫోర్డు పురమున దుష్టశిక్షణాధికారియై మార్షలని పిలువఁబడినవాఁ డతఁడే. తీయఁబడుచున్న చిత్రము తన కథయే యగుటచే సలహాదారుగా రప్పింపఁబడెను గాని యతని సలహా విన్నవాఁ డొక్కఁడును లేఁడు. ఒక్క తుప్పుతుపాకితోఁ దిరిగినవానికి జంటతుపాకులు గట్టిరి. కంచరగాడిద నెక్కినవానికి శ్వేతాశ్వము నిచ్చిరి. వీని నెల్ల నతఁ డెట్లో దిగమ్రింగెను.

ఆనాఁటి ఘట్టమున మాత్ర మోర్పు తెగెను. టోబిన్ క్రేలనెడి గజదొంగ గుఱ్ఱపుసాలనుండి వెలువడఁగా మార్షలు వానిని ఱొమ్మునఁ గాల్చి కూల్చవలెనఁట. నటుఁడు సరిగాఁ బడలేదని దర్శకుఁడు లెనార్డు వైసు మరలమరలఁ దీయించుచుండఁగా టోబిను తొమ్మిదిమాఱులు చచ్చెను.

"అయ్యా, ఎన్నిమాఱులు చెప్పవలెను? నేను వానిని గాల్చనేలేదు. సాలవాకిట నుదయమునుండి ప్రొద్దుగ్రుంకువఱకుఁ గూర్చుండి మాటలాడితిని. నా పోరు పడలేక వాఁడే తుపాకి నా చేతఁ బెట్టెను. చెఱ ముగిసి వచ్చి యిరువదియేండ్లు గుఱ్ఱములకు నాడెములు గొట్టుకొని బ్రదికెను" అని ఎలియాసు మొఱపెట్టెను.

వైసు నుదురు గొట్టుకొని "మహాశయా, దినమంతయు మాటలాడువారిని జూచుటకుఁ బ్రేక్షకు లేల వత్తురు?" అనెను.

అంతలో జనులను ద్రోసికొనుచు నొక నడివయసు స్త్రీ వచ్చెను. ఆమె టోబిను కూఁతురు ఏడా. పత్రికలో వార్త చదివి రెండుదినములు ప్రయాణముచేసి వచ్చినది. నేలఁ గూలియున్న నటునిఁ జూచి యామె గొడుగునీడకు నడచెను.

"మా నాయన నా చేతి నీళ్లు త్రాగి మంచముమీఁదఁ గన్ను మూసెను. ఆయనను వీథిలోఁ గుక్కనువలెఁ జంపించుచున్నారే! ఇందులో మీరును గలరా?" అని ఎలియాసు నడిగెను.

ఒప్పందపత్రమును జదువకయే సంతకము చేసినవాఁడు కావున నతఁడు తలవంచుకొనెను. అంతవఱకు లోకముపైఁ గలిగిన విసుగంతయుఁ దనమీఁదికే మరలెను. లేచి కుర్చీ నీడ్చుకొనిపోయి సాలతలుపున కడ్డముగా వైచికొని కెమెరా కెదురుగాఁ గూలఁబడెను. వైసు బ్రతిమాలెను. బెదరించెను. టోపీ నేలఁగొట్టి త్రొక్కెను. ముదుసలిపైఁ జేయివేయుట కెవ్వఁడును సాహసింపఁడయ్యెను. చిత్రము దీయుటకుఁ గావలసిన వెలుతురు వాలుచుండెను.

"ఏమి కోరెదవో చెప్పుమయ్యా, నా ప్రాణము దీయకుము!" అని వైసు వేఁడెను.

"వాని పేరు తీసివేయుము. నా పేరును దీసివేయుము. పిమ్మట నెవనిచేత నెవనిఁ జంపించుకొందువో నీ యిష్టము."

"నీ పేరు లేకున్న నిన్నెవ్వ రెఱుఁగుదురు?"

"ఈమె యెఱుఁగును."

వైసు గొణుగుచుఁ గాగితముమీఁది రెండుపేళ్లను గొట్టివేసెను. కల్పితనామములతో వెలువడిన యా చిత్రము నూరూరను జూపిరి. తుపాకి ప్రేలినప్పుడెల్లఁ గరతాళధ్వనులు మిన్నుముట్టెను. ఎలియాసు దానిని జూడఁబోలేదు. తుపాకిమ్రోఁత యామడదూరము వినఁబడును. ఒక ప్రాణము నిలిచిన చప్పుడు ప్రక్కనున్నవారికిఁ గాని వినఁబడదు.