అందరూ సంతకం చేశాక

మా వీధి మలుపులో ఉన్న పెద్ద బట్టల దుకాణంలో అమ్మకాలు చేసే ఆడవాళ్ళు ఇవాళ దర్జాగా కూర్చుని పని చేసుకుంటున్నారంటే, అదంతా నా చలవే. ఈ మాట ఎవరి ముందైనా చెబుతాను. మొట్టమొదటి కుర్చీని నెత్తిన పెట్టుకుని దుకాణం దాకా మోసుకెళ్ళింది నేనే. నన్ను చూసి రెండు బస్సులు ఆగి మరీ దారిచ్చాయి.

ఆ దుకాణంలో మా కోడలు దుప్పట్లు అమ్ముతుంది. దుప్పటిని ఒక్క విసురుతో విప్పి బల్ల మీద పరిచిందంటే ఆ గాలికి ఎదురుగా ఉన్న టీకొట్టులో పొయ్యి ఆరిపోతుందని అందరూ చెప్పుకుంటారు. అందరూ అంటే నేనే అనుకోండి. కొనేవాళ్ళకు అక్కడ మెత్తటి కుర్చీలున్నాయి. అమ్మేవాళ్ళకు లేవు. తలుపులు తీసింది మొదలు మూసేదాకా నిలబడే ఉండాలి. అమ్మేవాళ్ళు కూర్చుంటే సరుకు కదలడం లేదని జనం అనుకుంటారట. అది యజమాని సిద్ధాంతం. అందుకని వాళ్ళు దొంగతనంగా కూర్చునేవారు. పక్క కౌంటరులో తువ్వాళ్ళు అమ్మే పొడుగు పిల్ల అయితే బాత్రూములోకి పోయి, మూత వేసి, దాని మీద కాసేపు కూర్చుని వచ్చేది. "మనకున్న సింహాసనం అదొక్కటే అక్కా" అనేదట.

మా ఇంట్లో మాత్రం కుర్చీలకు కరువు లేదు. నాకొక పడక కుర్చీ. మా వాడికి, అంటే నా కొడుక్కి, కిటికీ దగ్గర కాళ్ళు ఆనించుకునే కమ్మీ ఉన్న ఎత్తు కుర్చీ. వాడిది ఇంట్లోంచే కంప్యూటరు ముందు చేసే ఉద్యోగం. సాయంత్రం కోడలు వచ్చి చెప్పులు విప్పి నేరుగా వంటింట్లోకి వెళ్తుంది. ఉల్లిపాయలు తరిగేటప్పుడు కూడా కూర్చోదు. ఒక కాలు ఎత్తి రెండో పిక్కకు ఆనించి, కొంగలాగా నిలబడుతుంది. అలా నిలబడి తనలో తను గొణుక్కుంటుంది. ఆమె మనసులో మాటలు నీకెలా తెలుసయ్యా అని మీరు అడగబోతున్నారు. నాకు చెవుడని ఈ ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని నేనెప్పుడూ చెడగొట్టలేదు.

దుకాణంలో అయితే యజమాని చూస్తాడు, ఇక్కడ ఎవరు చూస్తారని కూర్చోవడం లేదు నేను, అనుకునేది. ఈ ఇంట్లో నిలబడ్డ మనిషి ఎవరికీ కనపడదు. కూర్చుంటేనే కనపడుతుంది. కూర్చోవడం ఆలస్యం, ఖాళీగానే ఉన్నావు కదా ఈ గుండీ కుట్టు అంటారు ఈయన. ఖాళీగానే ఉన్నావు కదా నా కళ్ళజోడు ఎక్కడుందో చూడమ్మా అంటారు మామయ్య. అది ఆయన నెత్తిమీదే ఉంటుంది. పోయిన అత్తయ్య పళ్ళెం చేత్తో పట్టుకుని పొయ్యి పక్కన నిలబడే తినేది. నిలబడి తింటే పని తెములుతుందే పిల్లా అని నాకూ నేర్పింది. పాపం, ప్రేమగానే నేర్పింది. ఇప్పుడు డాక్టరమ్మ పిక్కల్లో ఉబ్బిన నరాలు చూపించి, ఇలాగే నిలబడితే ఏడాది తిరక్కుండా ఈ ఉద్యోగం వదులుకోవాలంది. అయితే మానేస్తే సరి, ఇంట్లోనే ఉండు అన్నారు ఈయన. ఇంట్లో ఉంటే కూర్చోనిస్తారని ఈయనకు ఎవరు చెప్పారో. దుప్పటి విప్పి పరిచినప్పుడు ఎదుటి మనిషి మొహం విప్పారుతుంది చూడూ, అది నాకు కావాలి. పొద్దున్నే నా పేరున్న బిళ్ళ తగిలించుకుని బయటికి పోవడం నాకు కావాలి. కాళ్ళు కూడా కావాలి. రెండూ కావాలంటే అత్యాశా?

మా వాడు చెడ్డవాడు కాడు. భార్య కాళ్ళు చూసి వాడి మనసు నిజంగానే కరిగింది. కరిగి ఏం చేశాడంటే, ఆవిడ ఉప్పు నీళ్ళ తొట్టిలోంచి పాదాలు తీసి తుడుచుకుంటుంటే ఫోనుతో ఫొటో తీశాడు. డాక్టరుకు పంపడానికేమో అనుకుంది. వాడు దాన్ని పెట్టి 'కూర్చునే హక్కు' అని ఒక ఆన్‌లైన్ పిటిషన్ తయారుచేశాడు. లోకంలో ఎక్కడివాళ్ళయినా చదివి, అవును నిజమే అనిపిస్తే కింద సంతకం మీట నొక్కవచ్చు. మొదటి సంతకం నాది. మా ఊరి బడిలో నేర్చుకున్న అక్షరాలతో నా పేరు నేనే కొట్టాను. ఆ ఊపులో నాలుగుసార్లు నొక్కాను గానీ ఒక్కటే లెక్కలోకి తీసుకుందట, పిసినారి యంత్రం.

సంతకాలు వానలా కురిశాయి. మంచు పడే దేశాల వాళ్ళు, ఇసుక దేశాల వాళ్ళు, ఓడల మీద ఉండేవాళ్ళు. మా వాడు కుర్చీలో వెనక్కి వాలి ఒక్కొక్కటీ చదివి వినిపించేవాడు. "ఇటు రా ఒకసారి, ఇదిగో ఎవరో కన్నీళ్ళ బొమ్మ పెట్టారు" అని వంటింట్లో ఉన్న ఆమెను పిలిచేవాడు. ఆమె వచ్చి చూసి వెళ్ళేది. మళ్ళీ పిలిచేవాడు. మళ్ళీ వచ్చేది. వస్తూ టీ కూడా తెమ్మనేవాడు. ఆ వారమంతా కూర్చునే హక్కు కోసం మా కోడలు నడిచినంత నడక అంతకుముందెప్పుడూ నడవలేదు.

ఒక మధ్యాహ్నం దుకాణంలో పొడుగు పిల్ల ఫోను చూపించింది. "చూడక్కా, ఎవరో పాపం, ఈ కాళ్ళు. నేను సంతకం పెట్టేశాను." కుడి బొటనవేలి మీద కుక్కరు మూత పడ్డప్పటి మచ్చ చూసి కోడలు గుర్తుపట్టింది. నావేనే పిచ్చిదానా అనలేదు. తన కాళ్ళను తనే కాసేపు పరాయిగా చూసుకుంది. లోకమంతా తిరిగి వచ్చాయి ఈ కాళ్ళు, ఇంట్లో వీటికి ఒక్కరూ పీట జరపలేదు అనుకుంది. అనుకుని, కోపం రాలేదట, నవ్వొచ్చిందట. తనూ ఒక సంతకం నొక్కిందట.

ఆ సాయంత్రమే యజమాని అందరినీ పిలిచాడు. ఆయన కూడా ఆ పిటిషన్ మీద సంతకం చేశాడు. మా దుకాణం ఆడవాళ్ళ పక్షం అని పెద్ద అక్షరాలతో బోర్డు రాయించి గుమ్మంలో పెట్టించాడు. దాని పక్కన ఫొటో కోసం వీళ్ళందరినీ వరసగా నిలబెట్టాడు. వెలుతురు బాగా లేదని మళ్ళీ నిలబెట్టాడు. ఫొటో అయ్యాక మా కోడలు మెల్లగా అడిగింది.

"కుర్చీలు ఎప్పుడొస్తాయండీ?"

"ఎక్కడికమ్మా?"

"ఇక్కడికే."

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడట. "అది సమాజం కోసమమ్మా. ఇది దుకాణం కదా" అన్నాడు.

ఇంటికి నడుస్తూ ఆమె అనుకున్నవి మర్నాడు ఉల్లిపాయలతో చెబుతుంటే విన్నాను. మా ఆయన సంతకం చేశారు. మామయ్య చేశారు. పొడుగు పిల్ల చేసింది, నేనూ చేశాను. ఆఖరికి ఎవరిని అడగాలో ఆయన కూడా చేశాడు. ఇంతమంది ఇటువైపే ఉంటే అటువైపు ఎవరున్నట్టు? అందరూ కలిసి ఎవరికి రాసినట్టు ఈ అర్జీ? సంతకం చేసిన వాళ్ళందరూ కూర్చునే చేశారు. ఒక్కరు లేస్తే చాలేమో, నేను కూర్చోవడానికి.

ఫొటో దిగి వచ్చిన ఆ సాయంత్రం ఆమె వంటింట్లోకి వెళ్ళలేదు. చెప్పులు విప్పి, వచ్చి, మా వాడి ఎత్తు కుర్చీ పక్కన నిలబడింది. వాడు కొత్త సంతకాలు చదువుతున్నాడు. తలెత్తి భార్య మొహం చూశాడు. చూసి, పాపం, సిగ్గుపడి, తనంతట తనే లేచి కుర్చీని ఆమె వైపు జరిపాడు. ఆమె కూర్చుంది. కమ్మీ మీద పాదాలు ఆనించి ఎత్తు సరిచూసుకుంది. "కౌంటరుకు సరిగ్గా సరిపోతుంది. రేపు తీసుకెళ్తాను" అంది.

పొద్దున్నే కుర్చీ ఊరేగింది. ఇందాక నెత్తిన మోశానన్నాను కదా. మోసింది మా వాడు. నేను మోసింది దాని మీది దిండు. బస్సులు ఆగిన మాట నిజమే, అక్కడ బస్టాపు ఉంది.

ఆమె కౌంటరు వెనక కుర్చీ వేసుకుని, కూర్చునే దుప్పటి విప్పింది. ఉద్యోగం ఇవాళ్టితో సరి అనుకుంది. మొదట వచ్చింది ఒక పెద్దావిడ. "హమ్మయ్య, కూర్చున్నావా తల్లీ. ఎప్పుడూ ఎదురుగా నిలబడి ఉంటే నన్ను తరుముతున్నట్టుండేది" అని, తీరిగ్గా ఇంకో రెండు దుప్పట్లు విప్పించింది. యజమాని వచ్చాడు. కుర్చీ చూశాడు, ఆమెను చూశాడు, గుమ్మంలో తను రాయించిన బోర్డు చూశాడు. వెనక్కి తిరిగి గల్లాపెట్టె దగ్గరికి వెళ్ళిపోయాడు. అన్ని వేల సంతకాల్లో పనికొచ్చింది ఆయనదొక్కటే. అదీ ఆమె కూర్చున్నాకే.

మర్నాడు పొడుగు పిల్ల ఇంటినుంచి పచ్చరంగు కుర్చీ తెచ్చుకుంది. తర్వాత ఒకరు ఒక కాలు పొట్టిదైనది, ఒకరు ఇనపది, ఒకరు చిన్న పిల్లలు అన్నం తినేది. దుకాణం పాత సామాన్ల కొట్టులా తయారైంది. ఆ రంగుల గందరగోళం చూడలేక యజమానే అందరికీ ఒకే రకం ఎత్తు కుర్చీలు కొన్నాడు. పిటిషన్ పేజీ మీద 'విజయం' అని వెలిగింది. మా వాడికి అభినందనలు వచ్చిపడ్డాయి. కోడలు చూసి, "ఉంచుకోండి, బాగున్నాయి" అంది.

మా వాడి కుర్చీ మాత్రం తిరిగి రాలేదు. అది దుకాణంలో తన దగ్గరే ఉంచుకుంది. అందుకని వాడు కంప్యూటరును వంటింటి గట్టు మీద పెట్టి నిలబడి పని చేసుకుంటున్నాడు. నిలబడ్డవాడికి ఎదురుగా పొయ్యి ఉంది, పొయ్యి మీద గిన్నె ఉంది, కలపకపోతే అడుగంటుతుంది. ఇప్పుడు సాయంత్రాలు ఆమె వచ్చి గిన్నె వాసన చూసి, ఉప్పు చాలలేదని చెప్పి, కాళ్ళు చాపుకుని కూర్చుంటోంది. నా కళ్ళజోడు నేనే వెతుక్కుంటున్నాను.

ఇందులో నేను కల్పించింది ఇంకొక్కటి ఉంది. మా వాడు సిగ్గుపడి తనంతట తనే లేచాడన్నాను. కన్నకొడుకు కదా, కాస్త మెరుగుపెట్టాను. వాడు లేవలేదు, తలెత్తి "టీ తెచ్చావా" అన్నాడు. ఆమె "లేవండి" అంది. గట్టిగా కూడా అనలేదు. వాడు లేచాడు. చెవిటివాణ్ణని మరిచిపోయి నేనూ లేచాను.