నాలుగో నంబరు తలుపు లెక్క

మోటారుతో పైకి లేచే పెద్ద తలుపు ఎక్కడ బాగుచెయ్యాలన్నా తోక్తార్ ముందు చేసే పని ఒకటే. టోపీ తీసి జేబులో కుక్కుకుని, నిచ్చెనెక్కి, తలుపు నెత్తిన అడ్డంగా ఉండే స్ప్రింగుకి చెవి ఆనిస్తాడు. తలుపు ఇంకెన్నిసార్లు లేస్తుందో ఆ స్ప్రింగే ఆయనకి చెబుతుంది. "నాలుగు వేల రెండొందలు" అంటూ దిగొస్తే, అక్కడివాళ్ళు ఆ అంకె గోడ మీద సుద్దతో రాసుకుని తమ పని తాము చూసుకుంటారు. మా తెమిర్తావ్ ఊళ్ళో బస్సుల షెడ్డు మొదలు మాంసం గోదాము దాకా అన్ని గోడల మీదా ఆ సుద్ద అంకెలే.

మనుషుల గుండెకి మాత్రం చెవి పెట్టడు. ఆరేళ్ళ క్రితం నిద్రలో ఉన్న పెళ్ళాం గుండె మీద తల ఆనిస్తే ఒక అంకె వినపడింది. పైకి చెబితే నిజమైపోతుందేమోనని భయపడి నోరు మూసుకున్నాడు. తొమ్మిదో రోజున ఆవిడ పోయింది. మా దగ్గర మగాళ్ళు కలిస్తే గుండెకి గుండె ఆనించి కావలించుకుంటారు. అప్పట్నుంచీ ఈయన మాత్రం రెండడుగుల దూరంలోనే ఆగి చేతులు చాపుతాడు. అసలే పొట్టివాడు, ఎవరిని కావలించుకున్నా చెవి సరిగ్గా అవతలివాళ్ళ రొమ్ము మీదకే వస్తుంది మరి.

ఆ జనవరి పొద్దున రౌషన్ రొట్టెల ఫ్యాక్టరీలో, చలికాలం తెరిచి వాడే ఒకే ఒక్క పెద్ద తలుపు నాలుగో నంబరుకి చెవి పెట్టి, ఆయన నిచ్చెన మీదే ఉండిపోయాడు.

"ఏమంటోంది?" కింద నుంచి అరిచింది రౌషన్. ఫ్యాక్టరీ ఆవిడదే, గొంతు కూడా ఫ్యాక్టరీ అంతా వినపడే గొంతే.

"ఐదు."

"ఐదు వేలా?"

"ఐదంటే ఐదే అక్కా. నాలుగుసార్లు బానే లేస్తుంది. ఐదోసారి స్ప్రింగు తెగుతుంది. నాలుగొందల కిలోల తలుపు, కింద ఎవరన్నా ఉంటే ఇక చెప్పేదేముంది. ఇప్పుడే ఆపేద్దాం. కొత్త స్ప్రింగు బండిలోనే ఉంది, మూడు గంటల పని."

"నీకు మతి పోయిందా? ఇంకా నాలుగు వ్యాన్లు వెళ్ళాలి. ఆసుపత్రిలో, స్కూళ్ళలో నా రొట్టె కోసం కాచుక్కూచుంటారు."

"అయితే ఒక్కసారే ఎత్తి, నాలుగూ నింపి పంపెయ్."

"బయట మైనస్ ముప్ఫై నాలుగురా నాయనా! లోపల పట్టేది ఒక్క వ్యానే, పైగా పిండి పొంగుతోంది. గంటసేపు తలుపు తెరిచి పెడితే అది పొంగుతుందా, చస్తుందా?"

నాలుగు వ్యాన్లు, నాలుగుసార్లు. లెక్క సరిపోయింది, ఒక్కటి కూడా మిగల్లేదు. తోక్తార్ అందరినీ తలుపుకి పది అడుగుల అవతలికి తరిమాడు. వ్యాను నిండగానే తలుపు మూలుగుతూ లేచేది, నిండింది బయటికి పోయి తరవాతిది లోపలికొచ్చేది, తలుపు దిగేది. దిగిన ప్రతిసారీ ఆయన నిచ్చెనెక్కి చెవి పెట్టేవాడు. నాలుగు. మూడు. రెండు. పిండి పిసికే ఆడవాళ్ళు కూడా చేతులాపి ఆయన నోటికేసి చూస్తూ నిలబడ్డారు.

నాలుగో వ్యాను వెళ్ళిపోయింది. "ఒకటి" అన్నాడు తోక్తార్ దిగుతూ. తలుపు మీటకి ఎర్రగుడ్డ చుట్టి, "దీన్నెవరూ ముట్టుకోవద్దు" అన్నాడు.

"హమ్మయ్య! ఇక చాయ్ తాగి మొదలెట్టు. పొద్దున్నుంచీ నిచ్చెన మీదే ఉన్నావు" అంది రౌషన్.

ఆయన మూల కూర్చుని ఇంకా చాయ్ గిన్నె నోటి దగ్గర పెట్టుకోలేదు, బయట కారు హారన్ మోగింది. రౌషన్ కిటికీ అద్దంలోంచి చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. వచ్చింది సాపర్బెక్. ఆవిడ కొడుక్కి పిల్లనివ్వబోతున్న వియ్యంకుడు. చెప్పాపెట్టకుండా రాజధాని అస్తానా నుంచి మొదటిసారి వచ్చి, నక్కతోలు టోపీ పెట్టుకుని, సరిగ్గా నాలుగో తలుపు ముందే నిలబడ్డాడు!

ఇక ఉన్నది పక్క తలుపొక్కటే. చెత్తడబ్బాల పక్కన, పనివాళ్ళు తల వంచి దూరే తలుపు. వియ్యంకుణ్ణి అందులోంచి దూరమంటే సంబంధం అక్కడే తెగిపోదూ? పొద్దున్నుంచీ నాలుగుసార్లు లేచింది, ఇంకొక్కసారి లేవదా అనుకుంది రౌషన్. ఎర్రగుడ్డ లాగేసి మీట నొక్కింది.

మోటారు చప్పుడికి తోక్తార్ చేతిలో గిన్నె జారింది.

తలుపు మనిషెత్తు దాటింది. సాపర్బెక్ నవ్వుతూ వచ్చి గడప మీదే చెయ్యి చాపాడు.

"అయ్యో, గడప మీద చెయ్యి కలపకూడదు అన్నయ్యగారూ, లోపలికి రండి, రండి!" అంది రౌషన్.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ కాస్త ఆగడంలోనే పైన ఢామ్మని పేలింది. అప్పటికే పరుగున వచ్చిన తోక్తార్ ఆయన కోటు పట్టుకుని లోపలికి లాగాడు. ఇద్దరూ పిండి దుమ్ములో పడ్డారు. వాళ్ళ కాళ్ళ వెనక తలుపు నేల అదిరేలా కూలింది.

తోక్తార్ లేవలేదు. ఆయన చెవి సాపర్బెక్ రొమ్ము మీద ఉంది.

"వదులు, నాకేం కాలేదు. పెళ్ళి మాటలు కానిచ్చి మధ్యాహ్నానికల్లా తిరుగుదారి పట్టాలి" అన్నాడు సాపర్బెక్.

"వెళ్ళకండి." తోక్తార్ ఆయన కోటు వదల్లేదు. "మీ గుండెకి తొమ్మిది వేలే మిగిలాయి. రెండు గంటలు, ఇంకాస్త."

సాపర్బెక్ మొహం ఎర్రబడింది. "పిల్లనిచ్చే మాటకి వస్తే చావు కబురు చెబుతారా? ఇదేనా మీ ఇంటి మర్యాద?"

"నోరు మూస్తావా లేదా తోక్తార్!" రౌషన్ పళ్ళు కొరికింది. "నా కొడుకు పెళ్ళి!"

"మూయనక్కా. ఒకసారి మూసుకుని ఏం పోగొట్టుకున్నానో నాకు తెలుసు." ఆయన సాపర్బెక్ వైపు తిరిగాడు. "స్ప్రింగైనా అంతే అయ్యా. లెక్క అయిపోయేలోపు బాగుచేస్తే కొత్త లెక్క మొదలవుతుంది."

రౌషన్ కూలిన తలుపు వైపు చూసింది. చేతిలో ఎర్రగుడ్డ ఇంకా అలాగే ఉంది. ఆవిడకి ఏడుపొచ్చింది.

"అన్నయ్యగారూ, ఆసుపత్రికి పదండి. సంబంధం వద్దనుకుంటే రేపు వద్దనండి."

సాపర్బెక్ ఎడమ భుజం రుద్దుకున్నాడు. "పొద్దున్నుంచీ లాగుతోంది" అన్నాడు మెల్లగా. "ఇప్పుడెంత?"

తోక్తార్ చెవి ఆనించాడు. "ఎనిమిది వేల ఏడొందలు."

పెద్ద తలుపు లేవదు. వియ్యంకుడు నక్కతోలు టోపీ తీసి, తల వంచి, చెత్తడబ్బాల పక్కనుంచి పక్క తలుపులోంచే వెళ్ళాడు. ఆసుపత్రిలో, గుండె నాళాలు రెండు పూడుకుపోయాయని డాక్టర్లు అప్పటికప్పుడు ఆపరేషనుకి తీసుకుపోయారు.

పెళ్ళి ముహూర్తం మాట్లాడటానికి ఆయన ఏప్రిల్లో మళ్ళీ వచ్చాడు. నాలుగో తలుపు బార్లా తెరిచి ఉంది, దాని పక్కన గోడ మీద సుద్దతో కొత్త అంకె ఉంది. అయినా పక్క తలుపులోంచే వచ్చాడు. తలుపు పట్టాలకి గ్రీజు రాస్తున్న తోక్తార్, అలవాటు ప్రకారం రెండడుగుల దూరంలో ఆగి చేతులు చాపాడు.

సాపర్బెక్ ఆ చేతుల్ని పక్కకి తోసేసి, గుండెకి గుండె ఆనించి గట్టిగా కావలించుకున్నాడు. తోక్తార్ విడిపించుకోబోయి, ఆగిపోయాడు.

"ఎంతసేపు ఇద్దరూ? చాయ్ చల్లారిపోతోంది!" అని కేకేసింది రౌషన్.

"ఆగక్కా" అన్నాడు తోక్తార్ కళ్ళు మూసుకుని. "అంకె ఇంకా చెబుతోంది."