వీరయ్య తొడగని స్వెట్టర్

జనగామలో పప్పుధాన్యాలు, మిరపకాయలు టోకున అమ్మే వీరయ్యకు కొడుకు మీద ఒకే ఒక్క ఫిర్యాదు. సురేందర్ తాగడు, పేకాట ఆడడు, ఎవరితోనూ తగువు పెట్టుకోడు. కానీ పని చేయకుండా జీతం తీసుకుంటున్నాడు. ఒకటి రెండు నెలలు కాదు, ఇరవై రెండేళ్లుగా!

సురేందర్ హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో, జాజ్ బృందంలో డబుల్ బేస్ వాయిస్తాడు. అదొక మనిషెత్తు ఫిడేలు. పక్కన నిలబడి, కౌగిలించుకున్నట్టు పట్టుకుని, లావుపాటి తీగలను వేళ్లతో లాగాలి. డిగ్రీ చదివే రోజుల్లో మిరపకాయల బేరానికని తండ్రి డోర్నకల్ పంపితే, అక్కడ రిటైరైన రైల్వే గార్డు ఒకాయన ఇంట్లో దాన్ని మొదటిసారి చూశాడు. ఆయన దాని మీద తడి తువ్వాళ్లు ఆరేసుకునేవాడు. "ఇదేంది?" అని సురేందర్ అడిగిన పాపానికి, తువ్వాలు తీసి ఒక్క తీగ మీటాడు. ఆ మోత కుర్రాడి అరికాళ్లలోంచి కడుపులోకి ఎక్కింది. మిరపకాయల బేరం అటకెక్కింది.

ఆ తర్వాత మూడేళ్లు రైళ్లలో డోర్నకల్ తిరిగి నేర్చుకున్నాడు. హైదరాబాదు చేరాడు, ముంబైలో వాయించాడు, జర్మనీ కూడా పోయి వాయించి వచ్చాడు. వీరయ్య మాత్రం ఒకే ఒక్కసారి హోటల్‌కు వెళ్లి, గంటసేపు చెవులు రిక్కించి విన్నాడు. బయటికి రాగానే కొడుకును పక్కకు లాగాడు.

"సూడు బిడ్డా. గా బూర ఊదేటోడు ఊదుతుండు, ఇనవడ్తున్నది. డ్రమ్ములోడు కొడ్తుండు, ఇనవడ్తున్నది. పియానో పిల్ల మంచిగ వాయించింది. నువ్వొక్కనివే ఊకె గోకుతున్నవ్. నాకైతే ఏం ఇనరాలె."

"అది అట్లనే ఉంటది బాపూ. కిందికెల్లి పాటను మోస్తది."

"హోటల్ సేటు కనిపెట్టేదాంక ఆగకు. నువ్వే చెప్పి, మర్యాదగ దుకాణానికి రా."

ఆ రోజు నుంచి కొడుకు జీతంతో కొన్నది ఏదీ వీరయ్య ముట్టలేదు. జర్మనీ నుంచి తెచ్చిన ఉన్ని స్వెట్టర్ పదహారేళ్లుగా పెట్టెలో నాఫ్తలీన్ గోళీలతో కాపురం చేస్తోంది. "కష్టం లేకుంట వచ్చింది ఒంటికి పట్టదురా" అంటాడు. సురేందర్ నవ్వేసేవాడు గానీ లోపల మండేది. జర్మనీ వాళ్ల చప్పట్లు ఎవరికి కావాలి? ఈ ఒక్క ముసలాయన వింటే చాలు.

ఈ మే నెలలో సురేందర్ అక్క యశోద కూతురు శ్రేయ పెళ్లి. వరుడిది భూపాలపల్లి, బొగ్గు గనిలో ఉద్యోగం. మహబూబాబాద్‌లో పెళ్లికి ముందురోజు సంగీత్ పెట్టుకున్నారు. మామయ్య బ్యాండే రావాలని శ్రేయ పట్టుబట్టింది. వీరయ్య గుండెల్లో రాయి పడింది. మగపెళ్లివారు రెండు బస్సుల్లో వస్తున్నారు, పైగా వీడియో తీస్తారు.

"ఇయ్యాల్టితోని నీ బండారం బయటపడ్తది. పానం బాగలేదని చెప్పి కూసోరాదు?" అని ఆ మధ్యాహ్నం కొడుకును నిజంగానే బతిమాలాడు.

సురేందర్ కూర్చోలేదు. సాయంత్రం ఫంక్షన్ హాలులో వాయింపు మొదలైంది. మొదటి పాటకు జనం బగారా అన్నం వైపే చూశారు. రెండో పాటకు భూపాలపల్లి పిల్లలు వేదిక ముందు ఎగరడం మొదలుపెట్టారు. పెళ్లికొడుకు మేనత్త సత్తెమ్మ కొంగు బిగించి దిగింది. అంతలో కెమెరా సురేందర్ వైపు తిరిగింది. వీరయ్య అది చూశాడు. డెబ్బై అయిదేళ్ల మనిషి వేదిక మెట్లు ఎలా ఎక్కాడో గానీ, ఎక్కి కొడుకు కుడిచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"చాలు, ఆపు. తీస్తున్రు!"

చెయ్యి ఆగింది. పాట కింద నుంచి ఎవరో పీట లాగేసినట్టయింది. సాక్సోఫోన్ దిక్కు తోచక కూస్తోంది. డ్రమ్ములాయన తల తిప్పి చూస్తున్నాడు. పిల్లలు ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. సత్తెమ్మ ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి, "కరెంటు పోయిందా ఏంది?" అంది. లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి.

వీరయ్య భయపడి వదిలేశాడు. మోత మొదలైంది, సత్తెమ్మ కాలు దిగింది.

యాభై ఏళ్ల వ్యాపారంలో వీరయ్య ఒక్క బస్తా చూసి సరుకు కొన్నవాడు కాదు. పై బస్తా, నడిమి బస్తా, అడుగు బస్తా, మూడింటిలోంచీ గుప్పెడు తీసి చూస్తే గానీ మాట ఇవ్వడు. మళ్లీ చెయ్యి పట్టుకున్నాడు. పిల్లలు ఆగారు. వదిలాడు. ఎగిరారు. సురేందర్‌కు నవ్వూ కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"బాపూ, ఇజ్జత్ పోతది!"

"జర ఉండు బిడ్డా. అడుగు బస్తా ఒక్కటే మిగిలింది."

మూడోసారి పట్టుకునేసరికి సత్తెమ్మ కిందనుంచి కేకేసింది.

"ఓ పెద్దమనిషీ! ఆయన చెయ్యి ఇడువు! ఆయన కొడ్తనే మేం ఎగురుతున్నం!"

వీరయ్య వదిలాడు. కుర్చీ తెప్పించుకుని వేదిక మీదే కొడుకు పక్కన కూర్చున్నాడు. చివరిదాకా వీడియో వాళ్లను కూడా దగ్గరికి రానివ్వలేదు. "పని చేస్తుండు, కనవడ్తలేదా?" అని కసిరాడు.

పెళ్లయ్యాక తండ్రిని జనగామలో దింపి, మర్నాడు పొద్దున హైదరాబాదు బయల్దేరబోతూ సురేందర్ దుకాణంలోకి తొంగిచూశాడు. పదింటికే ఎండ మంట పుట్టిస్తోంది. వీరయ్య గద్దె మీద స్వెట్టర్ తొడుక్కుని కూర్చున్నాడు. మెడ దాకా గుండీలు, మోచేతి దగ్గర చిన్న చిల్లు, ముఖం నిండా చెమట. కందులు తెచ్చిన పాలకుర్తి రైతు నోరెళ్లబెట్టి చూస్తున్నాడు.

"ఏం సేటు, జరమొచ్చిందా?"

"జరం గాదు. మావోడు కష్టం చేసి తెచ్చిండు."

సురేందర్ లోపలికి వచ్చి, రైతు వైపు తిరిగి ఉన్న ఫ్యానును తండ్రి వైపు తిప్పాడు.