ఇరవై అయిదు నిమిషాల దిబ్బ

మా తమ్ముడు చివరిగా కొలిచిన తీరం పటాన్ని, దాని వెనకున్న కొలతలతో సహా, సర్వే ఆఫీసు నెల రోజులపాటు అందరూ చూడడానికి నెట్‌లో పెట్టింది. రోజూ తెరవాలనుకునేవాణ్ణి. బళ్ళో కంప్యూటరు గది దాకా వెళ్ళేవాణ్ణి, తలుపు మీద చెయ్యి వేసి వెనక్కి వచ్చేవాణ్ణి. వాడు పోయి నాలుగు నెలలైంది. ఆఖరి రోజు మధ్యాహ్నం గుల్లలక్క బడికి రాకపోతే ఆ రోజు కూడా అలాగే గడిచిపోయేది.

గుల్లలక్క తీరంలో చేతులతో గుల్లలు ఏరుకునే ఆడవాళ్ళకు పెద్ద. ఆమె కూతురు నా దగ్గర ఏడో తరగతి చదువుతోంది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"పోయినవాణ్ణి అనకూడదు సార్. కానీ మీ తమ్ముడు మా దిబ్బని ముంచేశాడు."

"ముంచడమేంటక్కా?"

"పటంలో నీలం రంగు వేశారు. నీలమంటే ఎప్పుడూ నీళ్ళలోనే ఉండేదట. యంత్రాల పడవలు వచ్చి గుల్లలు తవ్వుకోవచ్చట. నిన్న పొద్దున నేను దాని మీద నిలబడ్డాను. మడమ కూడా మునగలేదు. నేనేమన్నా నీళ్ళ మీద నడిచే మనిషినా?"

"ఆఫీసులో చెప్పలేదా?"

"చెప్పా. కొలతలేవీ అన్నారు. మడమ చూపించా."

నవ్వు రావలసిన మాటే. గోడ గడియారం రెండున్నర చూపిస్తోంది. అభ్యంతరాలు తీసుకునేది అయిదింటి దాకానే. ఆ తర్వాత పదేళ్ళు ఆ పటమే ఖాయం. నీరు బాగా తీసినప్పుడు బయటపడే చోటుకు గడ్డి రంగు వేస్తారు. అది కాలినడకన ఏరుకునేవాళ్ళది. మిగతాదంతా నీలం.

పక్క టీచరుకు నా తరగతి అప్పగించి కంప్యూటరు ముందు కూర్చున్నాను. కూర్చున్నానన్న మాటే గానీ రెండుసార్లు లేచాను. నిజానికి ఆమె పొరబడిందని చూపించడానికే తెరిచాను. మా తమ్ముడి కొలతలో తప్పుంటుందని నాకు తోచలేదు.

ముందు ఉపగ్రహం తీసిన ఫొటోలు చూశాను. అవీ ఎవరైనా చూసుకోగలిగినవే. కిందటేడు నీరు బాగా తీసిన ఒక ఉదయం, పటంలో నీలంగా ఉన్నచోట, పొడవాటి గోధుమరంగు దిబ్బ నీటి పైకి తేలి ఉంది.

"అదిగో," అంది గుల్లలక్క నా భుజం మీదుగా. "ఆ కొసన ఉన్న నలుపు మా బుట్టలేమో."

"అంత చిన్నవి కనపడవక్కా."

"మాకు కనపడతాయి."

తర్వాత కొలతల పట్టిక దించుకున్నాను. మిగతా చోట్ల లోతూ టైమూ పడవలోని యంత్రమే రాసుకునేది; అక్కడ లోతు మరీ తక్కువ కావడంతో అది పనికిరాలేదు. తమ్ముడు గీతల కర్ర దించి లోతు చూసి, చేతి గడియారంలో టైము చూసి, పుస్తకంలో రాసుకున్నాడు. ఆ టైముకు సముద్రం ఎంత ఎత్తున ఉందో ఆటుపోట్ల పట్టికలో చూసి, దాన్ని లోతులోంచి తీసేస్తే దిబ్బ అసలు ఎత్తు తెలుస్తుంది. పుస్తకంలోని టైము పక్కనే, వాడి చేతిలో ఉన్న జీపీఎస్ దానంతటదే రాసుకున్న టైము మరో వరసలో ఉంది. ఆ రెండు వరసల్నీ ఎవరూ కలిపి చూసినట్టు లేదు.

మొదటి కొలత: పుస్తకంలో పది నలభై. జీపీఎస్‌లో పది పదిహేను. రెండోది: పది నలభై మూడు, పది పద్దెనిమిది.

మూడోది చూడకుండానే నాకు తెలిసిపోయింది.

ఆ గడియారం నేను కొనిచ్చిందే. వాడు పుట్టిందే ఆలస్యంగా అని ఇంట్లో ఎగతాళి చేసేవాళ్ళం. ఉద్యోగంలో చేరే ముందు రోజు ఇరవై అయిదు నిమిషాలు ముందుకు తిప్పి నేనే వాడి చేతికి పెట్టాను. పదకొండేళ్ళు వాడు దాన్ని సరిచేయలేదు. ఎవరైనా టైమెంతని అడిగితే మనసులో తీసివేసి చెప్పేవాడు. రాసేటప్పుడు మాత్రం కనిపించిందే రాసేవాడు. కనిపించిందే రాయమని వాడికి చిన్నప్పుడు చెప్పింది కూడా నేనే. వాడు కొలిచింది నీరు తీసే వేళ. పుస్తకంలో టైము ఎక్కువ కాబట్టి అప్పటికి సముద్రం ఇంకా దిగిపోయిందనుకుని లెక్కలో తక్కువ తీసేశారు. ఆ తేడాకు పటంలో దిబ్బ దాదాపు జానెడు మునిగింది.

"ఏమైంది సార్?"

"నువ్వు చెప్పిందే నిజమక్కా. పద."

బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేకపోయాను. రుజువుగా చూపించాల్సిన గడియారం వాడి భార్య, మా మరదలి దగ్గరుంది. మరదలు పడవలకు కప్పే టార్పాలిన్లు కుడుతుంది. గుల్లలక్క బయట మెట్ల మీద ఆగిపోయింది. నేను వెళ్ళేసరికి మరదలు మిషను ముందే ఉంది. గడియారం ఆమె మణికట్టుకు ఉంది, పట్టీకి అదనంగా ఒక బెజ్జం పెట్టించుకుంది.

చెప్పవలసింది నిలబడే చెప్పాను. ఆమె మిషను ఆపలేదు.

"పదకొండేళ్ళలో ఆయన కొలతకి ఒక్క మాట రాలేదు బావగారూ. ఇప్పుడు ఆయన లేనప్పుడు మీరే తెస్తారా?"

"గడియారం తిప్పింది నేనమ్మా. తప్పు నాదని రాసిస్తాను."

"మీరేం రాసినా పటం కింద ఉండేది ఆయన పేరే."

కిటికీ దాకా వెళ్ళి వచ్చాను. మళ్ళీ వెళ్ళాను.

"కాస్త ఒకచోట నిలబడండి. నాకు కుట్టు వంకర పోతోంది."

నిలబడ్డాను. ఆమె కుట్టు చివరిదాకా లాగి, దారం తెంపి, అడిగింది.

"మొత్తం ఎన్ని కొలతలు?"

"నూట పన్నెండు."

"అన్నిటికీ ఇరవై అయిదేనా?"

"అన్నిటికీ."

"ఎక్కడా ఇరవై నాలుగు లేదా? ఇరవై ఆరు?"

"లేదమ్మా. బస్సెక్కే ముందు అన్నీ చూశాను."

ఆమె మణికట్టు తిప్పి గడియారం చూసింది.

"అయితే ఆయన సరిగ్గానే రాశారు," అంది. లేచి చెప్పులు వేసుకుంది.

బయటికి రాగానే గుల్లలక్క ఆమె చేతిని చూసి అక్కడే నిలబడిపోయింది. "అయిదు దాటిపోయింది కదమ్మా. ఇంకెక్కడికి?"

"దాటలేదక్కా. ఇది ఆయన టైము. ఇంకా ఇరవై నిమిషాలుంది, నడువు."

సర్వే ఆఫీసులో తమ్ముడి కింద పనిచేసినాయన ఒక్కడే ఉన్నాడు. తమ్ముడు ఇంట్లో అతన్ని కళ్ళజోడనే పిలిచేవాడు. అతను మరదల్ని చూసి లేచి నిలబడ్డాడు. నేను రెండు వరసలూ చూపించాను. అతను జోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఈ పట్టిక నేనే ఎక్కించాను సార్. చూడాల్సింది. మా సార్ రాసింది కదా అని చూడలేదు."

మరదలు గడియారం విప్పి బల్ల మీద పెట్టింది. కళ్ళజోడు దాన్ని గోడ గడియారం పక్కన పట్టుకుని ఫొటో తీశాడు. తర్వాత ఒక వరస టైములు తీసేసి రెండోది పెట్టి, ఆటుపోట్ల లెక్క మళ్ళీ నడిపించాడు. నేను కుర్చీ వెనక నుంచుని కుర్చీ వీపును పట్టుకున్నాను. తెర మీద నీలం ఒక అంచునుంచి పోతూ, గడ్డి రంగులో దిబ్బ బయటికి వచ్చింది.

"ఆ కొస ఇంకాస్త పొడుగుంటుంది," అంది గుల్లలక్క.

"కొలవనిది నేను గీయలేనమ్మా."

"అయితే వచ్చి కొలుచుకో. నీ గడియారం సరిగ్గా ఉందా ముందు చూసుకుని రా."

అభ్యంతరం కాగితంలో కారణం రాయడానికి రెండు గీతల చోటు ఇచ్చారు. ఇన్నేళ్ళు పిల్లల చేత రాయించినవాణ్ణి, కలం పట్టుకుని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగాను. గోడ మీద అయిదుకు ఆరు నిమిషాలు తక్కువ. చివరికి రాశాను: 'కొలిచినవారి గడియారం ఇరవై అయిదు నిమిషాలు ముందుంది. అలా తిప్పి ఇచ్చింది నేను. కొలతలన్నీ సరైనవి.'

మరదలు చదివి, మూడో వాక్యం దగ్గర వేలు పెట్టింది. "ఇది ముందు రాయాల్సింది," అంది.

"ఇంకో కాగితం ఇవ్వమంటారా?" అన్నాడు కళ్ళజోడు గోడ వైపు చూస్తూ.

"వద్దులెండి. ఉండనివ్వండి."

అతను ముద్ర వేసి టైము రాశాడు. గడియారాన్ని ఆమెకు తిరిగిస్తూ, సరిచేసి ఇవ్వమంటారా అని అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపి పట్టీ బిగించుకుంది.

గుల్లలక్క కబురు చెప్పాలని తీరం వైపు పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది. మేమిద్దరం బస్టాపులో నిలబడ్డాం. నేను నిలబడలేక ఈ చివరినుంచి ఆ చివరికి నడిచాను.

"టైమెంతయిందమ్మా?"

మరదలు చెయ్యి చూసుకుని, కనిపించిందే చెప్పింది. తీసివేత నేను చేసుకున్నాను.