లెగ్ పీస్ కోసం శోకపద్యం

పట్టాభికి నవ్వు రాదని కాదు. వస్తుంది, స్టేజీ మీద రాదు, అంతే. ముప్ఫై ఏళ్లు పద్యనాటకాల్లో రాజ్యం పోగొట్టుకున్న రాజుగా, కొడుకు పోయిన తండ్రిగా ఏడ్చి ఏడ్చి పేరు తెచ్చుకున్నాడు. ఆయన రాగం అందుకుంటే చాలు, ముందు వరసలో ఆడవాళ్లు చెంగులు సిద్ధం చేసుకునేవారు. అంతటి మనిషిని మూడేళ్లుగా ఒక్కరు పిలిచిన పాపాన పోలేదు. పద్యనాటకాలు వేసేవాళ్లే లేకపోతే పిలిచేదెవరు? కొత్తపేటలో తనింట్లో పొద్దున్నే గొంతు సాధన చేస్తే పైవాటా వాళ్లు కిటికీలు వేసుకుంటున్నారు.

అలాంటి రోజుల్లో భావన అనే అమ్మాయి వెతుక్కుంటూ వచ్చింది. ఎల్బీనగర్‌లో చిన్న నాటక బృందం నడుపుతుంది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ హాస్టళ్ల మీద పాటల నాటకం రాసుకుంది. అందులో హాస్టల్ ఓనరు తన కోసం దాచుకున్న ఆదివారం లెగ్ పీస్‌ని ఎవరో కాజేస్తారు. దాని కోసం ఆయన పద్యం పాడాలి.

"కామెడీ వేషమా?" అన్నాడు పట్టాభి. తల కొట్టేసినట్టయింది.

"మీ గొంతు కావాలె సార్. అట్ల పాడెటోళ్లు ఇంకెవరున్నరు చెప్పుండ్రి?" అంది భావన.

కాదంటే మళ్లీ స్టేజీ ఎక్కేది ఎప్పుడు? అసలు ఎక్కుతాడా? ఒప్పేసుకున్నాడు.

ఒప్పుకున్నాడు గానీ, రిహార్సల్లో ఏం చేశాడనుకున్నారు? మెల్లకన్ను పెట్టాడు. ముక్కుతో మాట్లాడాడు. పంచె కాళ్లకి చుట్టుకున్నట్టు రెండుసార్లు పడ్డాడు. రెండోసారి నిజంగానే మోకాలు కొట్టుకుపోయింది. ఒక్కరూ నవ్వలేదు. భావన తల వంచుకుని ఫోన్ చూసుకుంది. హాలు ఇప్పించిన మన్సూరాబాద్ కమలాకర్‌కి మాత్రం మొహమాటం బొత్తిగా లేదు.

"సార్, ఏమనుకోకుండ్రి. మీరు ఏడిస్తే మాకు ఏడుపొస్తది, అది మంచిదే. మీరు నవ్వియ్యబోయినా ఏడుపే ఒస్తుంటే ఎట్ల? మా పోరడు వినయ్‌గాన్ని పెడ్దాం."

"ఆదివారం కాలనీవాళ్ల ముంగట ఒక్కసారి ఆడి చూద్దాం అంకుల్," అంది భావన. "గప్పటికి గూడ కాకుంటే మారుద్దాం."

నాలుగు రోజులే ఉన్నాయి. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి మూతి అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. గోంగూర వలుస్తున్న భార్య నాగేశ్వరి కాసేపు చూసింది.

"పన్ను నొప్పా అండీ? లవంగం ఇవ్వనా?"

"నటిస్తున్నానే!"

"అయ్యో, అలాగా! మరి బాపిరాజుగారిని అడక్కూడదూ? ఆయన చేస్తే పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం."

పట్టాభి ముఖం మాడిపోయింది. బాపిరాజు తన నాటక సమాజంలోనే హాస్యం వేషాలు వేసేవాడు. ఒకసారి పోస్టర్ మీద ఇద్దరి పేర్లూ పక్కపక్కన వేశారని పట్టాభి మేకప్ గదిలో చిందులు తొక్కాడు. "నా పేరు పక్కన గెంతులేసేవాడి పేరా?" అని. తెర వెనకాలే బాపిరాజు బంటు వేషంలో గడ్డం అతికించుకుంటున్నాడు. విన్నాడు. ఆ తర్వాత పెళ్లిళ్లలో కనిపిస్తే బాగున్నావా అంటే బాగున్నావా అనుకోవడమే. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని వెళ్లడం?

అయినా వెళ్లాడు. స్టేజీ మీద ఆశ అలాంటిది మరి.

మీర్‌పేట్‌లో బాపిరాజు ఫ్యాను కింద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు. చెప్పిందంతా విని, ఇంకో గుప్పెడు కాయలు పట్టాభి ముందు పోశాడు.

"తియ్యి, ఊరికే కూర్చుంటావేం? ఒరేయ్ పట్టాభీ, జనాన్ని నేను నవ్వించానని ఎవరన్నార్రా నీతో?"

"మరి నవ్వింది?"

"వాళ్లు నవ్వారు. నేను భయపడ్డాను. రాజుగారి చెప్పులు పోగొట్టిన బంటు వేషం గుర్తుందా? ఆ చెప్పులు దొరక్కపోతే నా మెడ తెగుతుందని నిజంగా వణికేవాణ్ణి. నాకు చెప్పులు కావాలి. నవ్వు నాకెందుకు?"

పట్టాభి ఈనె తీస్తూ ఆగిపోయాడు. ఆ రోజు పోస్టర్ సంగతి నోటిదాకా వచ్చింది. బయటికి రాలేదు. కాఫీ తాగి, ఆదివారం రమ్మని చెప్పి, లేచి వచ్చేశాడు.

ఆదివారం సాయంత్రం మన్సూరాబాద్ కమ్యూనిటీ హాల్లో కుర్చీలు నిండాయి. పట్టాభి మెల్లకన్ను పెట్టలేదు, పడలేదు. ఖాళీ గిన్నె మూత తీశాడు. లోపలికి చూశాడు. అంతే, రాజ్యం పోయిన రాజు ఎలా చూస్తాడో అలా చూశాడు. గిన్నెని గుండెలకి హత్తుకుని ముఖారి రాగం ఎత్తుకున్నాడు.

"లెగ్గు పీసా! నా లెగ్గు పీసా! ఏ పాపి పళ్లెమున ఒరిగితివే..."

ముందెవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత హాలంతా గొల్లుమంది. పట్టాభికి ఒళ్లు మండింది. ఏడుపు పద్యానికి నవ్వుతారా అని మరీ బలంగా ఏడ్చాడు. వాళ్లు మరీ నవ్వారు. పద్యం అయీ అవకముందే వెనక వరస నుంచి "వన్స్ మోర్!" అని కేక పడింది.

పద్యనాటకంలో ఆ కేక పడితే ఎంతటి నటుడైనా ఆగి, మళ్లీ పద్యం మొదటినుంచి అందుకోవాలి. ప్రాణం పోయే సీనైనా సరే లేచి పాడాలి. పట్టాభి అలవాటు కొద్దీ చేతులు జోడించి మొదటికొచ్చాడు. కానీ ఇక్కడ వెనకాల హార్మోనియం మనిషి లేడు, రికార్డు చేసిన ట్రాకు. అది తన దారిన తీన్మార్ డప్పులోకి వెళ్లిపోయింది. హాస్టల్ పిల్లల వేషాలవాళ్లు చిందులేస్తూ వచ్చేశారు. వాళ్ల మధ్య గిన్నె పట్టుకుని పట్టాభి ముఖారిలోనే ఉన్నాడు. స్పీకరు వైపు తిరిగి, "ఆపుము!" అని గర్జించాడు. డప్పు ఆగలేదు. ఇక జనం కుర్చీల్లో ఉంటే ఒట్టు.

"తప్పయిపోయిందమ్మా," అన్నాడు దిగగానే, చెమటలు కక్కుతూ.

భావన నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటోంది. "గా తప్పు దినాం చెయ్యాలె సార్!"

"వినయ్ లేడు, గినయ్ లేడు," అన్నాడు కమలాకర్. "గీ వేషం మీదే."

పట్టాభి గాల్లో తేలుతూ బయటి వరండాలోకి వచ్చాడు. బాపిరాజు టీ గ్లాసు పట్టుకుని ఒక్కడే నిలబడ్డాడు.

"వన్స్ మోర్ అన్నది నువ్వేనా?"

"నేనే." బాపిరాజు టీ కేసి చూస్తూ అన్నాడు. "హాస్యానికి ఎవరంటార్రా వన్స్ మోర్? పద్యాలకే గదా. ముప్ఫై ఏళ్లు ఒక్కసారైనా వినపడుతుందేమోనని చూశాను. నీ హాస్యానికి మొదటి రోజే పడాలనిపించింది, అరిచాను."

పట్టాభి బాపిరాజు వైపు తిరిగాడు. ఆ పోస్టర్ మాటకి క్షమించమని అడగాలి.

"ఆ చెప్పుల సీను ఒక్కసారి చెయ్యరా," అన్నాడు చివరికి.

"ఇక్కడా? పిచ్చా నీకు?"

"చెయ్యరా బాబూ."

బాపిరాజు గ్లాసు గోడ మీద పెట్టాడు. వంగి, బెంచీల కింద, జనం కాళ్ల మధ్య, రాజుగారి చెప్పులు వెతకడం మొదలుపెట్టాడు. డెబ్భై ఏళ్ల మనిషి నిజంగా వణుకుతున్నాడు. ఇంటికి పోయేవాళ్లు ఆగి నవ్వసాగారు. సీను అయిపోయి ఆయన నడుం పట్టుకుని లేస్తుంటే, పట్టాభి కళ్లు తుడుచుకుని, ఉన్న గొంతంతా పెట్టి అరిచాడు.

"వన్స్ మోర్!"